నేనూ, అవ్వ పొట్టేలూ, తాగని నీళ్ళూ

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో గ్లాసెడు మంచినీళ్ళు తాగాలంటే నేను ముందు ఆ పూట ఏ ఊరికి పోవాలో చూసుకునేదాన్ని. నాది పశువుల సహాయకురాలి ఉద్యోగం. మా సొంతూరు ఉదయగిరి, పోస్టింగ్ ఇచ్చింది ఆత్మకూరు దగ్గర, చేజర్ల దారిలోంచి లోపలికి పోయే ఒక పల్లెలో. ఆత్మకూరులో గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే షేర్ ఆటోలో పల్లెకు చేరి, సాయంత్రం దాకా గొర్రెలకూ మేకలకూ టీకాలు వేస్తూ తిరిగేదాన్ని. ఊళ్ళో నన్ను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అందరికీ నేను సూదుల పాపనే. ఆఫీసులో బాత్రూము ఉంది, కాదనను. కానీ గొర్రెలు ఆఫీసుకు రావు కదా! అవి బీళ్ళలో ఉంటాయి, గుట్టల వారన ఉంటాయి. వాటి వెంట ఉండే కాపరులంతా మగవాళ్ళు. వాళ్ళకేం, ఒక తుమ్మచెట్టు చాటు దొరికితే చాలు. టీకా మందుల ఐసు డబ్బా భుజానికి తగిలించుకుని వాళ్ళ మధ్య నిలబడ్డ ఇరవై రెండేళ్ళ పిల్ల ఎక్కడికి పోవాలి? ఎవరిని అడగాలి? వారం రోజులు ఆలోచించి నేనొక ఉపాయం కనిపెట్టాను. నీళ్ళు తాగకపోతే అసలు సమస్యే ఉండదు. (డిప్లొమాలో నాకు ఫస్ట్ క్లాసు వచ్చిందని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.)

నీళ్ళు మానడం తేలికే. టీ మానడమే నా వల్ల కాలేదు. గొర్రెలున్న ప్రతి ఇంట్లోనూ టీ ఇస్తారు. వద్దంటే "ఏం పాపా, మా ఇంట్లో తాగగూడదా?" అని ముఖం చిన్నబుచ్చుకుంటారు. మేము ఉదయగిరి బాప్టిస్టులం. ఎవరింట్లో ఏది పెట్టినా కాదనకుండా తినాలని మా నాయన చిన్నప్పటి నుంచి బైబిలు వాక్యంతో సహా నేర్పించాడు. అందువల్ల మధ్యాహ్నంలోగా ఏడెనిమిది టీలు లోపలికి పోయేవి. అన్నం డబ్బాలో కూర పెట్టుకుంటే ఆ ఎండకు పాచిపోయేది, కాబట్టి రోజూ గోంగూర పచ్చడే, నంజుకోవడానికి ఊరుమిరపకాయలు. సాయంత్రం ఆత్మకూరు బస్టాండు పక్కన మిరపకాయ బజ్జీలు, వాటి మీద మళ్ళీ ఒక టీ. గదికి చేరాక గ్లాసెడు నీళ్ళు తాగి, ఈ రోజు గండం గడిచింది దేవా అని పడుకునేదాన్ని. కూరగాయల అంగడి మా వీధి చివరే ఉండేది. మూడు నెలల్లో ఆ అంగడాయనతో నాకు పరిచయం కాలేదంటే నా తిండి ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఇక్కడే నా లెక్క తప్పింది. నీళ్ళు తాగనిదానికి ఒంటికి పోవాల్సిన పని తగ్గాలి కదా, నాకు అది పెరిగింది. గంటకోసారి, తరవాత అరగంటకోసారి, ఇప్పుడే ఇక్కడే అన్నంత తొందర. తీరా గదికి పరిగెత్తుకొస్తే నాలుగు చుక్కలు, ఆ నాలుగు చుక్కలకూ మిరపకాయ రాసినంత మంట. కిడ్నీలే పోయాయేమో అనుకున్నాను. మా మెట్ట ఊళ్ళలో కిడ్నీ అనే మాట చాలా చెడ్డ మాట. మా వీధిలోనే ఒకాయన వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవడానికి నెల్లూరు పోతుండేవాడు. ఆటోలో కూర్చుని ఫోన్‌లో వెతికితే, ఏ దారిలో మొదలుపెట్టినా చివరికి ఆ రక్తం శుభ్రం చేసే మిషను దగ్గరికే తీసుకుపోయింది. అమ్మకు చెబుదామా అంటే మరో భయం. అమ్మకు చెబితే ఆదివారం గుడిలో ప్రార్థన మనవి చేస్తుంది. ఊరికే ఆరోగ్యం కోసమని చెప్పి ఊరుకునే మనిషి కాదు. ఏ అవయవమో, ఎన్నిసార్లో, మంట ఎక్కడో మైకులో వివరంగా చెప్పి, ఉదయగిరి సంఘమంతా కళ్ళు మూసుకుని నా మూత్రసంచి కోసం ప్రార్థించేలా చేస్తుంది. అంతకంటే కిడ్నీలు పోవడమే మేలనిపించింది. రోజూ ఫోన్‌లో "ఎట్టుండావు బిడ్డా?" అని అడిగితే, "బాగుండా మా" అని మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుని చెప్పేదాన్ని.

ఆ పల్లెలో ఒక అవ్వ ఉండేది. మొగుడు పోయాడు, కొడుకు తడ టౌనులో ఏదో కంపెనీలో పని. అవ్వకు తోడుగా మిగిలింది ఒక పొట్టేలు. పుట్టిన మూడో రోజే తల్లి చచ్చిపోతే సీసాతో ఆవుపాలు పట్టి పెంచింది. దాన్ని చిన్నోడు అని పిలిచేది. పేరుకు చిన్నోడే గానీ నా నడుం దాకా వచ్చేవాడు. తెల్లటి ఒళ్ళు, నల్లటి మూతి, నడిస్తే ఊరి పెద్దమనిషి నడిచినట్టు ఉండేది. బక్రీదుకు వాణ్ణి తీసుకుపోతానని అనుమసముద్రంపేట నుంచి ఒకాయన వచ్చి మాట ఖాయం చేసుకుపోయాడు. ఇంకా నెల రోజులుంది.

"పాపా, పండగలోపల వీడు ఇంకొంచెం ఒళ్ళు చేయాల. ఏం పెట్టాలో చెప్పు" అంది అవ్వ, నా చేతిలో టీ గ్లాసు పెడుతూ.

నా సలహా కోసం ఒక మనిషి ఎదురు చూడటం అదే మొదటిసారి. నేను అరుగు మీద సర్దుకుని కూర్చుని, ట్రైనింగులో చెప్పిన పాఠమంతా విప్పాను. మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క, ఏది ఎంత కలపాలో, ఎన్ని పూటలు పెట్టాలో అంతా చెప్పాను. అవ్వ వేళ్ళు మడుస్తూ శ్రద్ధగా విన్నది. ఆ పాఠానికి రెండో సగం ఉంది. గింజ మేత పెంచేటప్పుడు కొద్దికొద్దిగా పెంచాలి, పచ్చిమేత తగ్గించకూడదు, తొట్టెలో ఎప్పుడూ నీళ్ళుండాలి, నాకడానికి ఉప్పు ఉండాలి, లేకపోతే పొట్టేళ్ళకు మూత్రంలో రాళ్ళు పడతాయి. ఆ సగం దగ్గరికి వచ్చేసరికి నా లోపల అలారం మోగింది. "మిగతాది రేపు చెప్తానవ్వా" అని లేచి, అటు పోతున్న ఆటోను కేకేసి ఎక్కి ఆత్మకూరు వైపు పారిపోయాను. ఆ రేపు మూడు వారాలు రాలేదు. ఊరికి అవతలి వైపు మందల్లో టీకాలు మొదలయ్యాయి, నేను మరిచిపోయాను.

నాలుగో వారంలో ఒక పొద్దున అవ్వ ఫోన్ చేసింది. "పాపా, చిన్నోడు నిన్న మాపటి నించి ఒంటికి పోలా. ముక్కతా ఉండాడు. తొందరగా రా తల్లీ."

పోయి చూస్తే చిన్నోడు కొట్టం మధ్యలో వీపు వంచుకుని, వెనక కాళ్ళు ఎడంగా పెట్టి, తోక ఆడిస్తూ పళ్ళు కొరుకుతున్నాడు. అప్పుడప్పుడూ ముక్కి ఒక చుక్క రాలుస్తున్నాడు. వాడి కళ్ళలోకి చూడగానే నాకు ఏమైందో తెలిసిపోయింది. పుస్తకంలో చదివి కాదు, సొంత అనుభవంతో.

"అవ్వా, ఏం పెడతా ఉండావు?"

"నువ్వు చెప్పినయ్యే. రెండు పూటలన్నావు, నేను మూడు పూటలు పెట్టినా. గడ్డి ఎందుకులే అని మానిపించినా."

"నీళ్ళో?"

"నీళ్ళ సంగతి నువ్వు చెప్పలేదు గదా పాపా! నీళ్ళకే పొట్ట నిండితే తవుడు తినడేమో అని ఒక్క పూటే పెడతా ఉండా" అంది అవ్వ, నేను మెచ్చుకుంటాననుకుని.

వెంటనే మా డాక్టర్ సార్‌కు ఫోన్ చేశాను. ఆయన ఇంకో ఊళ్ళో, ఈనలేక అవస్థ పడుతున్న బర్రె దగ్గర ఉన్నాడు. "రెండు గంటలు పడతాది. ఈలోపల పొట్ట నొక్కబాకండి, నీళ్ళు బలవంతంగా పోయబాకండి. దారి మూసుకుపోయి ఉండాది. ఎక్కువైతే మూత్రం తిత్తి పగులుద్ది" అని పెట్టేశాడు. తిత్తి పగులుద్ది అన్న మాట నా చెవిలో అట్లాగే ఉండిపోయింది. అది పొట్టేలు గురించి చెప్పిన మాటే. కానీ నేను ఆ పొద్దున గదిలో నుంచి బయలుదేరి అప్పటికే రెండు గంటలైంది.

వార్త పాకి ఊరంతా కొట్టం దగ్గరికి చేరింది. ఒకాయన పొట్టేలు నడుం మీద వేడినీళ్ళ గుడ్డ వేయమన్నాడు. ఒకామె దిష్టి తీసింది. ఇంకొకాయన, నీళ్ళ చప్పుడు వినిపిస్తే పోస్తాడేమో అని, బిందెలోంచి బకెట్‌లోకి, బకెట్‌లోంచి బిందెలోకి ధారగా నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. పొట్టేలుకు ఆ చప్పుడు పట్టినట్టు లేదు. నాకు మాత్రం ప్రాణం పోయింది. "అన్నా, అది ఆపు" అన్నాను, ఏడుపు గొంతుతో. వచ్చినవాళ్ళల్లో నలుగురు, పాప పొద్దుటి నుంచి ఏమీ తాగలేదని టీలు తెచ్చి ఇచ్చారు. నాయన నేర్పిన వాక్యం గుర్తొచ్చి నాలుగూ తాగాను. పక్కకు పోదామంటే ఎక్కడికి పోవాలి? పోయినంతలో వీడికి ఏదన్నా అయితే? సూదుల పాప పొట్టేల్ని చంపి పారిపోయింది అంటారు. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, గుంజను గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. చిన్నోడు ముక్కినప్పుడల్లా నేనూ లోపల్లోపల ముక్కుతున్నాను. ఎవరికి మొక్కుకుంటున్నానో తెలియలేదు, వాడికో నాకో. ప్రభువా, ఎవరికైనా ఒకరికి దారి చూపించు అన్నాను.

పొట్టేలు పక్కన కూర్చున్న అవ్వ తలెత్తి నన్ను చూసింది. వాణ్ణి చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"నువ్వేంది పాపా, వాడి మాదిరే నిలబడుండావు?"

నేను గుంజను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మాట్లాడితే ప్రమాదం. అవ్వ లేచి, నా చెయ్యి పట్టుకుని, గుంపును తోసుకుంటూ ఇంటి వెనక్కి లాక్కుపోయింది. అక్కడ రేకు తలుపు పెట్టిన బాత్రూము ఉంది. మూడు నెలలుగా నేను ఆ ఊరికి వస్తున్నాను, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని టీలు తాగుతున్నాను, ఇరవై అడుగుల దూరంలో అది అక్కడే ఉంది. లోపలికి పోయి తలుపేసుకున్నానో లేదో, బయట నుంచి అవ్వ గొంతు ఊరంతా వినిపించేలా మోగింది. "ఎవురూ ఇటు రాబాకండి! పాప లోపల ఉండాది! పాపం పొద్దుటి నించి బిగబట్టుకోనుండాది!" నా పరువు కోసం ఆమె కాపలా కాసిన పద్ధతి అది. లోపల మంటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. అవ్వ అరుపు ఆగిపోయింది. తలుపు దగ్గరగా వచ్చి మెల్లగా అడిగింది.

"మంటా?"

"ఊఁ."

"ఎన్నాళ్ళ నించి?"

"రెండు నెలలైంది అవ్వా" అన్నాను. ఆ మాట ఒక మనిషితో చెప్పడం అదే మొదలు. రేకు తలుపుకు అటువైపు నుంచి అవ్వ గట్టిగా ఊపిరి విడిచిన చప్పుడు వినిపించింది.

డాక్టర్ సార్ బండి చప్పుడు వినిపించేసరికి పన్నెండు దాటింది. వస్తూనే చొక్కా చేతులు మడిచి, ఇద్దరి చేత పొట్టేల్ని పిర్రల మీద కూర్చోబెట్టించాడు. మగ గొర్రెకు మూత్రం వచ్చే దారి చివర నూలుపోగులాంటి సన్నటి కొస ఉంటుంది. రాయి సాధారణంగా అక్కడే ఇరుక్కుంటుంది. సార్ మత్తు సూది వేసి, ఆ కొసను కత్తిరించాడు. ఇసక రేణువుల్లాంటివి నాలుగు ఆయన అరచేతిలో రాలాయి. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు చిన్నోడు మొదలుపెట్టాడు. ఆగకుండా, కొట్టం గోడ తడిసి, సార్ ప్యాంటు తడిసి, ముందు వరసలో నిలబడ్డ బిందె మనిషి కాళ్ళు తడిసేదాకా పోశాడు. ఒక్కరూ వెనక్కి జరగలేదు. ఆడవాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు. మా ఉదయగిరి గుడిలో బాప్తిస్మాల రోజున కూడా అంత సంతోషం చూడలేదు నేను.

సార్ చేతులు కడుక్కుంటూ అరచేతిలోని రేణువుల్ని చూపించాడు. "గింజ జాస్తి, నీళ్ళు తక్కువ. వీటికి తిండి ఎంత ముఖ్యమో నీళ్ళూ అంతే ముఖ్యం. ఇంత అన్యాయమైన మేత ఎవరమ్మా చెప్పింది?"

"నా బుద్ధే సార్" అంది అవ్వ, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ అవ్వ ముఖం చూస్తూ ఊరుకోలేకపోయాను. "కాదు సార్, నేనే చెప్పినాను. సగమే చెప్పినాను. నీళ్ళ సంగతి చెప్పకుండా తొందరపడి పోయినాను."

"ఏం తొందర?" అన్నాడు సార్.

ఊరంతా నా వైపు తిరిగింది. బర్రెలు కూడా తిరిగాయని నా నమ్మకం. నేను నేల చూపులు చూస్తుంటే అవ్వ నడుమ్మీద చేతులు పెట్టుకుని ముందుకొచ్చింది. "ఆడపిల్లను అందరి ముందరా అడిగే మాటేనా సార్ అది? మీరందరూ చెట్టు చాటుకు పోతారు. ఆ బిడ్డ యాడికి పోతాది?"

సార్ ఆకాశం వైపు చూసి, బ్యాగు సర్దుకున్నాడు. బండెక్కాక నన్ను దగ్గరికి పిలిచి తగ్గు గొంతుతో అన్నాడు. "మా ఆవిడ టీచరమ్మా. కలువాయి అవతల పన్జేసేది. ఇట్టాగే నీళ్ళు మానేసి ఆస్పత్రి పాలైంది. రేపు సెలవు పెట్టుకో. ముందు పోయి చూపించుకో." మెమో ఇస్తాడని భయపడుతున్న నేను, ఆయన బండి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

మరుసటి రోజు ఆత్మకూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. మూత్రం పరీక్షకిచ్చి, ఆ కాగితం వచ్చేదాకా బల్ల మీద కూర్చుని మనసులోనే నా వస్తువులన్నీ చెల్లెళ్ళకు పంచేశాను. ఆమె కాగితం చూసి, "ఇన్‌ఫెక్షన్. మందులతో పోతుంది. కిడ్నీలకేం కాలేదు" అని, "రోజూ ఏం తింటావమ్మా?" అని అడిగింది. చెప్పాను. గోంగూర, ఊరుమిరపకాయలు, బజ్జీలు అంటుంటే ఆమె పెన్ను మెల్లగా రాస్తోంది. ఎనిమిది టీలు అనేసరికి ఆగిపోయింది.

"మరి నీళ్ళు?"

"టీలో ఉంటాయి కదా మేడం."

ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి మంట పెడుతుందని, లోపల చేరిన క్రిములు బయటికి కొట్టుకుపోవని, గంటల తరబడి బిగబట్టుకుంటే అవి ఇంకా పెరుగుతాయని చెప్పింది. టీ అసలే తొందర పెట్టే వస్తువు, కారమూ పులుపూ కొందరి తిత్తికి పడవు, కూరగాయలు తినకుండా మలబద్ధకం తెచ్చుకుంటే అది కూడా పక్కనున్న తిత్తిని నొక్కుతుంది అంది. "నువ్వు తొందర తగ్గాలని నీళ్ళు మానేశావు. మానేసినందుకే తొందర పెరిగింది" అంది. పక్క బల్ల మీద కూర్చున్న ముసలాయన కూడా నా వైపు చూసి జాలిగా తల ఊపాడు. మందులన్నీ పూర్తిగా వాడమని, టీ రెండుకు దించమని, మజ్జిగ, సొరకాయ, దోసకాయ తినమని రాసిచ్చింది. గదికి పోతూ వీధి చివర అంగడిలో మొదటిసారి సొరకాయ కొన్నాను. వారంలో మంట పోయింది. మెల్లగా తొందర కూడా పోయింది. అమ్మకు అన్నీ తగ్గాకే చెప్పాను. అయినా ఆమె మైకులో చెప్పనే చెప్పింది, కృతజ్ఞతా సాక్ష్యంగా.

చిన్నోడు కోలుకున్నాడు గానీ, మందులు పడ్డ జీవాన్ని ఆ పండక్కి ఇవ్వకూడదని సార్ అన్నాడు. నెల రోజుల నుంచి అవ్వ ఎదురు చూసిన బేరం నా వల్ల పోయింది. ఆ మాట చెప్పడానికి పోయి అరుగు దగ్గర ఏడ్చేశాను. అవ్వ తొట్టెలో నీళ్ళు పోస్తోంది. "పోనీలే పాపా, ఒంటికి పోతా ఉండాడు, అది చాలు. నువ్వెట్టా ఉండావు? నువ్వు పోతా ఉండావా?" అని అడిగింది, ముగ్గురు మగవాళ్ళు వింటుండగా. "పోతున్నానవ్వా" అన్నాను. ఆశ్చర్యం, భూమి బద్దలు కాలేదు. ఆ ముగ్గురూ బీడీలు కాల్చుకుంటూ వర్షాల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. నేను ఇప్పుడు కొత్తగా చేరిన ఆడపిల్లలకు పని నేర్పిస్తున్నాను. ఏ మందకు ఏ నెలలో ఏ టీకా అన్నది తరవాత, ఏ ఊళ్ళో ఎవరింటి వెనక తలుపున్న బాత్రూము ఉందో ముందు చెప్తాను. వాళ్ళు సిగ్గుపడి నోట్‌బుక్కులోకి తల దించుకుంటారు. మొన్న ఒక పిల్ల మాత్రం ధైర్యం చేసి, "మేడం, మీకు సిగ్గేసేది కాదా?" అని అడిగింది. ఏం చెప్పను? రెండు నెలలు నడిచిన దారులన్నిట్లోనూ అడుగడుగునా ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళున్నారు, ఒక్కరిని ఒక్కమాట అడిగితే సరిపోయేది. అడగడం కంటే చావడమే సులువనుకుని, ఎండలో ఎర్రగా కందిపోయిన ముఖంతో, నాకేం కాలేదన్నట్టు తల ఎత్తుకుని నడిచిపోయిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల అప్పుడప్పుడూ నాకు కనిపిస్తుంటుంది. ఎదురుపడితే బాగా తిట్టాలనుకుంటాను. తీరా ఆ బిగబట్టిన ముఖం చూస్తే నవ్వొచ్చేస్తుంది. ఎంత అమాయకురాలివే తల్లీ అని, దాని భుజం మీద ఉన్న ఐసు డబ్బా కాసేపు నేను మోస్తే బాగుండు అనిపిస్తుంది.